రెక్క వెనక పూలు

పరాంకుశానికి కావలసింది ఒకే ఒక్క మాట. అది సిలార్ బాబా నోటి నుంచి రావాలి. బాబా అన్ని మాటలూ మాట్లాడుతున్నారు గానీ ఆ ఒక్కటీ మాట్లాడటం లేదు.

పరాంకుశం జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. పోయిన వర్షాకాలంలో ఆయన భార్య వకుళ జ్వరమని పడుకుంది, వారం తిరక్కుండానే పోయింది. పిల్లలు లేరు. ఆయన ఇంటికి తాళం వేసి, కాలేజీకి సెలవు పెట్టి, విమానాశ్రయం వెనక కాలువ గట్టున ఉన్న చిన్న దర్గాకు వచ్చి అక్కడే ఉండిపోయాడు. వైష్ణవుల ఇంట పుట్టినవాడికి దర్గాలో ఏం పని అని బంధువులు చెవులు కొరుక్కున్నారు. పెళ్ళయిన కొత్తలో ఆయన్ని అక్కడికి లాక్కొచ్చింది వకుళేననీ, బాబా అంటే ఆమెకు తండ్రితో సమానమనీ వాళ్ళకు తెలియదు.

దర్గా వెనక ఒక చిన్న గది ఉంది. దానికి కిటికీ లేదు. గురువు ఒప్పుకుంటే శిష్యుడు అందులో నలభై రోజులు ఒంటరిగా కూర్చుని జపం చేసుకుంటాడు. దాన్ని చిల్లా అంటారు. పరాంకుశం తనకు చిల్లా కావాలన్నాడు.

ఆయన అడుగుతున్నది జపం కోసం కాదని అందరికంటే ముందు కనిపెట్టింది అక్కడ వంట చేసే కాశింబీ. ఆమె ఆయన కోసం విడిగా పప్పూ చారూ కాచేది. కంచం పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది. మొదట్లో తన వంట నచ్చలేదేమోనని చిన్నబుచ్చుకుంది. తర్వాత ఆయన మెడ ఎముకలు చొక్కాలోంచి పొడుచుకు రావడం చూసి భయపడింది. ఒకనాడు బాబా దగ్గర కూలబడి, ఆ మనిషిని గదిలోకి పంపితే మళ్ళీ తన కాళ్ళతో నడిచి బయటికి రాడని చెప్పేసింది.

బాబాకూ అది తెలుసు. అందుకే పరాంకుశం అడిగినప్పుడల్లా "చూద్దాం మాస్టారూ" అనేవారు. ఆ చూద్దాం ఎప్పటికీ తెమలడం లేదు.

సిలార్ బాబాకు డెబ్బై దాటాయి. పొట్టి మనిషి. పెద్ద పెద్ద మాటలు ఆయనకు రావు. ఆశ్చర్యపడటం మాత్రం బాగా వచ్చు. ఏదైనా కొత్త సంగతి వింటే కళ్ళు పెద్దవి చేసుకుని, చెప్పినవాడికే తను చెప్పింది అంత గొప్పదా అనిపించేలా వినేవారు.

పరాంకుశం వచ్చిన కొత్తలో ఆయన్ని మాటల్లో పెట్టి ఏదైనా పాఠం చెప్పమన్నారు. పరాంకుశం ముభావంగా లేచి, ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి, పైన అట్టముక్క పెట్టి, గ్లాసు బోర్లించి, అట్ట మీంచి చెయ్యి తీసేశాడు. అట్ట పడలేదు. నీళ్ళూ పడలేదు. కింద నుంచి గాలి నొక్కి పట్టుకుందని చెప్పాడు. మన నెత్తి మీద మైళ్ళ ఎత్తున గాలి ఉందనీ, దానికి బరువుందనీ, చాచిన ఒక్క అరచేతి మీదే నిండు మనిషి అంత బరువు పడుతోందనీ, చేతి కింద నుంచి కూడా అంతే గట్టిగా నొక్కుతోంది కాబట్టి మనకు తెలియడం లేదనీ చెప్పాడు.

బాబా తన అరచెయ్యి చాచి చాలాసేపు చూశారు. తిప్పి చూశారు. ఇంత బరువు మోస్తూ ఇన్నేళ్ళూ ఒక్కమాటైనా చెప్పలేదేమని దాన్నే అడిగారు. ఆ తర్వాత దర్గాకు ఎవరొచ్చినా గ్లాసు తెప్పించేవారు. ఒకసారి అట్ట నానిపోయి ఓ ప్లీడరుగారి ఇస్త్రీ చొక్కా మీద గ్లాసెడు నీళ్ళూ పడ్డాయి. ప్లీడరు మొహం మాడ్చుకున్నాడు. బాబా ఇంకో అట్ట తెమ్మన్నారు.

ప్రతి గురువారం సాయంత్రం నమాజయ్యాక అందరూ వాకిట్లో చాపల మీద కూర్చోవడం అక్కడి అలవాటు. ఒక గురువారం అలా కూర్చున్నప్పుడు బాబా పరాంకుశం వైపు తిరిగి, గది ఎందుకు కావాలో ఇవాళ అందరి ముందూ చెప్పమన్నారు. సరిగ్గా చెబితే తాళంచెవి ఇచ్చేస్తానన్నారు. తబర్రుక్, అంటే దర్గా ప్రసాదం, పంచుతున్న కాశింబీ చేతిలో పళ్ళెం ఆగిపోయింది.

పరాంకుశం లోపలికి వెళ్ళి ఒక చెక్క తెచ్చాడు. క్లాసులో చూపించడానికి ఎప్పుడో వడ్రంగి చేత చేయించుకున్నది అది. ఇల్లు వదిలి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న కాసిని సామాన్లలో అదొకటి. విమానం రెక్కలోంచి ఓ ముక్క అడ్డంగా కోసినట్టు ఉంటుంది. ముందు వైపు గుండ్రన, వెనక పలచటి అంచు, పైన ఉబ్బు, కింద చదును.

ఆయన నిలబడి పాఠం చెప్పాడు. ఎన్నో ఏళ్ళు చెప్పిన పాఠం కాబట్టి గొంతు తడబడలేదు. విమానం ముందుకు దూసుకుపోతుంటే ఎదురొచ్చే గాలి రెక్క ముందంచు దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఒకటి పైనుంచి పోతుంది, ఒకటి కింద నుంచి పోతుంది. పై దారి వంపు దారి కాబట్టి దూరం ఎక్కువ. అయినా రెండు పాయలూ వెనకంచు దగ్గర ఒకేసారి కలుసుకోవాలి. అందుకని పైపాయ వేగంగా పరిగెత్తుతుంది. వేగం పెరిగిన చోట గాలి ఒత్తిడి తగ్గుతుంది. పైన నొక్కేది తగ్గిపోయి, కింద నుంచి నొక్కేది గట్టిగా ఉంటే రెక్క లేస్తుంది. మొత్తం గాలి ఒత్తిడిలో నూటికి అయిదో ఆరో వంతుల తేడా చాలు. ఆ చిన్న తేడా మీద ఆనుకుని వందమందికి పైగా జనం, వాళ్ళ పెట్టెలూ బేడలూ ఆకాశంలో పోతాయి.

బాబా కళ్ళు అప్పటికే పెద్దవయ్యాయి.

"చీలిన రెండూ కలుసుకోవాలి బాబా," అన్నాడు పరాంకుశం. "వకుళ పైదారిన వెళ్ళింది. నేను కిందిదారిలో ఉండిపోయాను. వెనకంచు దగ్గర నా కోసం ఉంటుంది. నేను ఆలస్యం చెయ్యకూడదు. ఉంటుందని ఒక్కమాట చెప్పి, ఆ గది ఇవ్వండి. నేనింకేమీ అడగను."

కాశింబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వింటున్న వాళ్ళకు అది కాదనడానికి వీల్లేని మాటలాగే ఉంది. ఇంత చదువుకున్నవాడు, పైగా శాస్త్రం చెబుతున్నాడు.

బాబా ఆ చెక్కను ఒళ్ళో పెట్టుకున్నారు. ఉబ్బు మీదుగా ఒకసారి, చదును మీదుగా ఒకసారి వేలితో రాశారు. వెనకంచు దగ్గర వేలు ఆపారు.

"కలుసుకోవాలని వాటికి ఎవరు చెప్పారు మాస్టారూ?"

పరాంకుశం జవాబు చెప్పబోయి ఆగాడు. ఇన్నేళ్ళలో ఏ పిల్లవాడూ ఆ ప్రశ్న అడగలేదు. పరీక్షలో వచ్చేది కాదు కాబట్టి వాళ్ళకు అక్కర్లేకపోయింది. పిల్లలు అడగలేదు కాబట్టి ఆయనకూ అక్కర్లేకపోయింది. పుస్తకంలో అలాగే ఉందని మెల్లిగా అన్నాడు. మీరు చూశారా అని అడిగారు బాబా. గాలి కనపడదు కదా, ఎలా చూస్తానన్నాడు పరాంకుశం. పోనీ మీకు తెలుసా అని కోపంగా ఎదురడిగాడు.

"నాకేం తెలుసు," అన్నారు బాబా. "పొద్దున్న పూలు వదలడానికి వెళ్ళేటప్పుడు దీన్నీ తీసుకురండి. చూద్దాం."

ఈసారి చూద్దాం అన్నది నిజంగా చూడటానికే.

ఆ దర్గాలో ఒక పద్ధతి ఉంది. సమాధి మీద భక్తులు వేసిన పూలను మర్నాడు చెత్తలో పారెయ్యరు. ఎవరి కాలికిందా పడకూడదని పారే నీళ్ళలో వదులుతారు. పరాంకుశానికి అక్కడ అప్పగించిన పని అదొక్కటే. గురువారం జనం ఎక్కువ వస్తారు కాబట్టి శుక్రవారం ఉదయం గంప నిండా ఉంటాయి.

ఆకు కూడా కదలని ఉదయం అది. కాలువ గట్టున తూము ఉంది. తూము దాటాక నీళ్ళు సిమెంటు బోదెలో నునుపుగా జారుతూ పొలాల్లోకి పోతాయి. బోదెకు అటూ ఇటూ మోకాలెత్తు వరి. వరి అవతల విమానాశ్రయం గోడ.

బాబా బోదె గట్టు మీద కూర్చున్నారు. విమానం గాల్లోకి పోవడం, గాలి విమానం మీదికి రావడం రెండూ ఒకటేనా అని అడిగారు. ఒకటేనన్నాడు పరాంకుశం. గాలి బదులు నీళ్ళయితే తేడా ఉంటుందా అని అడిగారు. చీలి పోయే తీరు ఇంచుమించు ఒకటేనన్నాడు. అయితే దిగమన్నారు.

పరాంకుశం పంచె ఎగగట్టి బోదెలో దిగాడు. గుండ్రటి అంచు ప్రవాహానికి ఎదురుగా ఉండేట్టు చెక్కను నిలువుగా నీళ్ళలో పెట్టాడు. విమానం ఎగిరేటప్పుడు రెక్క ముందంచు కాస్త పైకెత్తి ఉంటుంది. ఆయన అలవాటు కొద్దీ చెక్కను అంతే వాలుగా తిప్పాడు. తిప్పగానే ఉలిక్కిపడ్డాడు. నీళ్ళు దాన్ని వెనక్కి తోస్తాయని కాళ్ళు బిగించుకున్నాడు గానీ అది పక్కకు లాగింది. ఉబ్బు ఉన్నవైపుకు, ఎవరో అవతల పట్టుకుని గుంజుతున్నట్టు లాగింది. రెండు చేతులతో బిగించి పట్టుకోవలసి వచ్చింది. జీవితమంతా బోర్డు మీద బాణం గుర్తుగా గీసిన ఆ బలం ఆయన చేతికి తగలడం అదే మొదటిసారి.

బాబా గంపలోంచి ఒక గులాబీ రేకూ, ఒక బంతి రేకూ తీశారు. గుండ్రటి అంచుకు ముందు, ఉబ్బు వైపు గులాబీనీ, చదును వైపు బంతినీ ఒకేసారి వదిలారు.

గులాబీ రేకు ఉబ్బు దగ్గరికి రాగానే చటుక్కున జారుకుంది. బంతి రేకు చదును పక్కన నింపాదిగా వచ్చింది. అది వెనకంచు చేరేసరికి గులాబీ జానెడు దూరం ముందుకు వెళ్ళిపోయింది. ఆగలేదు.

చేతులు ఒకేసారి వదల్లేదేమోనన్నాడు పరాంకుశం. బాబా మళ్ళీ వదిలారు. మళ్ళీ అంతే. గులాబీ తేలికేమోనన్నాడు. పూలు అటువి ఇటు మార్చారు. ఈసారి బంతి ముందు వెళ్ళిపోయింది. చివరికి పరాంకుశం బాబానే బోదెలోకి దింపి చెక్క పట్టుకోమని, తను గట్టెక్కి, గులాబీని మళ్ళీ ఉబ్బు వైపుకే మార్చి స్వయంగా వదిలాడు. ముసలాయన లుంగీ తడిసిపోయింది. చెక్క గుంజినప్పుడల్లా "అబ్బ, ఎంత బలముందండీ దీనికి" అంటూ బాబా నవ్వుతున్నారు. పరాంకుశం నవ్వడం లేదు. జత తర్వాత జత వదులుతూ, వంగి, కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాడు. ఒక్క జత కూడా కలుసుకోలేదు. రెక్క దాటాక కూడా ఆ ఎడం తగ్గలేదు. బోదె పొడుగునా ఎర్రవి ముందూ పసుపువి వెనకా, అంతే ఎడంతో పొలాల్లోకి పోతున్నాయి.

చాలాసేపటికి ఆయన గట్టు మీద కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి. దుఃఖంలో ఉన్నా లెక్కలవాడు లెక్క వెయ్యకుండా ఉండలేడు.

"కలుసుకునేంత వేగం చాలదు బాబా," అన్నాడు కొంతసేపటికి. మాట ఆయనలోంచి ఆయనకు ఇష్టం లేకుండా వస్తున్నట్టుంది. "రెండూ ఒకేసారి కలిసేట్టే పోతుంటే ఒత్తిడిలో తేడా చాలా కొంచెం వస్తుంది. దాంతో ఇంత బరువు లేవదు. పైపాయ అంతకంటే వేగంగా, ముందుకు వెళ్ళిపోవాలి. వెళ్ళిపోబట్టే..."

అక్కడ ఆగిపోయి రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. వకుళ పోయిన రోజున కూడా ఆయన అలా ఏడవలేదు. బాబా నీళ్ళలోంచి వచ్చి పక్కన కూర్చున్నారు. వీపు మీద చెయ్యి వేశారు.

ఏడుపు తగ్గాక పరాంకుశానికి కోపం వచ్చింది. ఇది చూపించడానికేనా ఇక్కడికి తీసుకొచ్చారని అడిగాడు. ఆమె ఎక్కడా లేదని చెప్పడానికేనా అన్నాడు.

"ఆమె సంగతి అల్లాకు తెలుసు మాస్టారూ. నాకు తెలియదు. నేను పూలు వదిలానంతే." బాబా తడిసిన లుంగీ పిండుకున్నారు. "వకుళ నాకూ కూతురేగా. వదిలిన ప్రతిసారీ కలిస్తే బాగుండునని నేనూ చూశాను."

పరాంకుశం తల తిప్పి ఆయన మొహం చూశాడు. తను వచ్చిననాటి నుంచీ ఆయన్ని ఒక మాట అడుగుతూ ఉన్నాడు తప్ప ఆయనకూ ఏడుపు ఉంటుందని తోచలేదు.

అప్పుడే గోడ అవతల ఇంజన్ల హోరు మొదలైంది. కొంగలు చెదిరాయి. ఉదయం విమానం గోడ మీదుగా లేచి, ముక్కు ఎత్తి, వాళ్ళ వైపే వచ్చింది. నిండు బరువుతో ఉందేమో, ఎక్కువ ఎత్తు లేదు. కడుపు కింద చక్రాలు ముడుచుకోవడం కూడా కనిపించింది. బోదె గట్టు అదిరింది.

రోజూ ఆ గట్టు మీదే తిరుగుతున్నాడు గానీ పరాంకుశం తల ఎత్తి చూడటం అదే మొదలు. ఆయన విమానాన్ని చూడలేదు. రెక్క ముందంచును చూశాడు. అక్కడ కంటికి కనపడని గాలి చీలుతోంది. చీలిన క్షణం నుంచీ ఒకటి మరొకదాని కోసం ఆగకుండా పోతోంది. ఇక ఎప్పటికీ కలవదు. ఆ ఎడబాటు మీద అన్ని టన్నుల లోహమూ, కిటికీల పక్కన కూర్చుని కిందికి చూస్తున్న అంతమందీ నిశ్చింతగా ఆనుకుని ఉన్నారు. ఒక్కరికీ తెలియదు. ఆయనకు ఒళ్ళు జలదరించింది. ఎప్పటి నుంచో చెబుతున్న పాఠంలో ఇంత ఉందా అనిపించింది.

విమానం తల మీదుగా దాటిపోయింది. చిన్నదైంది. హోరు పల్చబడి, తర్వాత అదీ లేదు. కొంగలు తిరిగొచ్చి పొలంలో వాలాయి. నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. పరాంకుశం ఇంకా ఆకాశంలో ఖాళీ అయిన చోటునే చూస్తున్నాడు.

కొంతసేపు గడిచింది.

అప్పుడు పైన ఎక్కడో సన్నగా, పట్టుచీర మడతలు విప్పుతున్నంత చప్పుడైంది. ఆకు కదలని ఆ పొలంలో వరి ఒకచోట ఉన్నట్టుండి వంగింది. ఎవరూ తొక్కలేదు, ఏ వైపు నుంచీ గాలి రాలేదు. పై నుంచి కిందికి వంగింది. ఆ వంపు వెడల్పుగా పరుచుకుంటూ వాళ్ళ వైపు వచ్చింది. బోదెలో నీళ్ళ నునుపు చెదిరింది. గంపలో మిగిలిన రేకులు లేచి గట్టంతా పడ్డాయి. పరాంకుశం తడిబట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. ఆ గాలి ఆయన నుదుటినీ, కళ్ళనూ, చెంపలనూ మెత్తగా నొక్కింది.

రెక్క పైకి లేవాలంటే గాలిని కిందికి నెట్టాలి. ఎంత బరువు పైకి పోతే అంత తోపు కిందికి రావాలి. దిగి రావడానికి కొంత సమయం పడుతుంది. ఇది ఆయన ఎన్నోసార్లు బోర్డు మీద రాశాడు, తుడిపేశాడు. దాని కింద ఎప్పుడూ నిలబడలేదు.

"అది వెళ్ళిపోయాక వచ్చింది, చూశారా," అన్నారు బాబా. ఆయన కళ్ళు పెద్దవై ఉన్నాయి. గొంతు గుసగుసలా ఉంది.

పరాంకుశం లేచి నిలబడి, మొహం పైకెత్తి, కళ్ళు మూసుకున్నాడు. గాలి ఆగిపోయి, వంగిన వరి ఒక్కొక్కటే మళ్ళీ నిటారుగా లేచేదాకా అలాగే ఉన్నాడు. గది మాట ఎత్తలేదు. తాళంచెవి అడగలేదు.

"మళ్ళీ విమానం ఎప్పుడు బాబా?"

"మధ్యాహ్నం ఒకటుంది."

"అయితే అన్నం తినేసి వద్దాం," అన్నాడు పరాంకుశం.